కాటా కాకా చేతికి సరిపోయిన బోర్డు

దుకాణం మానేసి ఇంట్లో కూర్చున్నాను గానీ, ఫోన్లు మాత్రం నన్ను మానలేదు. ఎవరి మేనల్లుడో, ఎవరి పక్కింటి పిల్లో, నాందేడ్‌లో నా నంబరు ఇంకా చేతులు మారుతూనే ఉంది. "అక్కా, కొత్త కంప్యూటర్ కట్టిచ్చుకుంటున్న. ఏ మదర్‌బోర్డు తీస్కోవాలె?" అని అడుగుతారు. నేను ముందుగా ఒకటే అడుగుతాను: "పొద్దుమీకినంక దాన్ని ఎవరు బందు జేస్తరు? ఎట్ల బందు జేస్తరు?" అవతలివాళ్ళు అడిగిందే మళ్ళీ అడుగుతారు. ముసల్దానికి మతి తప్పిందనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ఆ ప్రశ్న నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మీరూ అదే అడుగుతారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చుంటుంది, మెమరీ కూర్చుంటుంది. బయటి వైర్లన్నీ దాని వెనక అంచున ఉన్న రంధ్రాల్లోకే రావాలి. జనం బోర్డు మీద కూర్చునేవాటిని చూసి కొంటారు. నేను ముందు తిప్పి వెనక చూస్తాను. పెళ్ళిచూపుల్లో పిల్లను వదిలేసి పెరడు చూసినట్టుందని మా దుకాణం సేటు నన్ను ఎగతాళి చేసేవాడు. పెరడు చూస్తేనే ఇంటివాళ్ళ అలవాట్లు తెలుస్తాయని నేననేదాన్ని.

మా దుకాణం నాందేడ్‌లోని వజీరాబాద్‌లో ఉండేది. సేటు ముందు గల్లా దగ్గర కూర్చునేవాడు, నేను వెనక బల్ల దగ్గర కంప్యూటర్లు కట్టేదాన్ని. కొత్త గిరాకీ ఎవరొచ్చినా నన్ను దాటి లోపలికి తొంగిచూసి "మెకానిక్ ఏడీ?" అని అడిగేవాళ్ళు. "మెకానిక్ చాయ తాగుతున్నది, కూసోండ్రి" అని నా కప్పు ఎత్తి చూపించేదాన్ని. మా ఇద్దరికీ మధ్య ఒక సేల్స్‌మన్ ఉండేవాడు. మాటల పుట్ట. అయితే బోర్డు మంచిచెడ్డలు అట్టడబ్బా బరువును బట్టి తేల్చేవాడు. డబ్బాను అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి, "వజన్ హై" అన్నాడంటే అది ఉత్తమజాతి బోర్డన్నమాట. నవ్వకండి, ఆ మాటతో అతను అమ్మినన్ని బోర్డులు నేను నా జ్ఞానంతో అమ్మలేదు.

ఒకరోజు మా జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దు దగ్గరున్న హిమాయత్‌నగర్ నుంచి ఒక మిల్లు చిన్న సావుకారు వచ్చాడు. వాళ్ళది పాత తెలుగు వ్యాపార కుటుంబం. రైతుల దగ్గర పత్తి కొని, గింజ తీసి, బేళ్ళు కట్టే జిన్నింగ్ మిల్లు ఉంది. మిల్లు గేటు దగ్గర నేలకు సమంగా ఇనుప కాటా ఉంటుంది. పత్తి బండి దాని మీదికెక్కగానే బయట గోడ మీద ఎర్ర అంకెల్లో బరువు వెలుగుతుంది. అదే బరువు ఒక వైరు వెంట పక్కనున్న చిన్న గదిలోని కంప్యూటర్‌కు చేరుతుంది, అక్కడ చీటీ ప్రింటవుతుంది. ఆ కంప్యూటర్ ఏళ్ళ తరబడి పత్తి దుమ్ము మింగి మింగి చివరికి కన్నుమూసింది.

చిన్న సావుకారు చేతిలో అప్పటికే ఒక బోర్డు ఉంది, పుణెలో ఎవరో స్నేహితుడి చేత తెప్పించుకున్నాడట. అంచుల్లో రంగురంగుల లైట్లు. దానికి జోడుగా పక్క గోడ అద్దంతో ఉన్న క్యాబినెట్. మా సేల్స్‌మన్ డబ్బా ఎత్తి చూసి, కళ్ళు మూసుకుని, "బహుత్ వజన్ హై" అన్నాడు. నేను బోర్డు తిప్పి వెనక చూశాను. కాటా వైరు చివర తొమ్మిది సూదుల పాతకాలపు కనెక్టర్ ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు స్క్రూలు. అది దూరే రంధ్రాన్ని కామ్ పోర్టు అంటారు. ఈ బోర్డుకు అది లేదు. యూఎస్‌బీ రంధ్రాలు మాత్రం జల్లెడకున్నన్ని ఉన్నాయి.

"కాటా వైరు దీనికి ఏడ పెడ్తరు?" అన్నాను.

"కన్వర్టర్ దొరుకుతది గదా అక్కా. దాన్ని యూఎస్‌బీల గుచ్చితె అయిపాయె."

"అయితది. కని కాటాకు గీ లైట్లెందుకు, గిన్ని సందులెందుకు?"

"రేపు పెద్ద సాఫ్ట్‌వేర్ అస్తే? గేటుకు కెమెరాలు పెడితే? బోర్డు పెద్దగనే ఉండాలె."

మా వైపు ఇల్లు కడితే స్లాబు మీద ఇనుప చువ్వలు పైకి వదిలేస్తారు, రేపు పై అంతస్తు వేస్తామని. ఆ చువ్వలు తుప్పుపట్టి, వాటికి బట్టలు ఆరేసుకునేదాకా పై అంతస్తు రాదు. బోర్డులు కొనేటప్పుడూ మావాళ్ళకు అదే యావ. కాటాకు నేరుగా దూరే పోర్టు ఉంటే మంచిదని, కన్వర్టర్లు దుమ్ములో నిలబడవని నేను చెప్పాను. సేటు గల్లా దగ్గరినుంచే మరాఠీలో అందుకున్నాడు: "తాయీ, గిర్హాయిక్ స్వతః బోర్డ్ ఘేఊన్ ఆలా ఆహే. జోడూన్ ద్యా." బోర్డు వెంటబెట్టుకుని వచ్చిన గిరాకీతో వాదన ఎందుకు, కట్టిచ్చెయ్యమని ఆయన బాధ. చెప్పాల్సింది చెప్పాను, కన్వర్టర్ తగిలించి కట్టాల్సింది కట్టాను. మెషీన్ బాగా నడిచింది కూడా. నా చేతి పని మీద నాకెప్పుడూ అనుమానం లేదు.

పత్తి సీజన్ మొదలైంది. మొదటిరోజు కాటాకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బోణీ బండి తెచ్చిన రైతుకు శాలువా కప్పడం ఆ మిల్లులో ఆనవాయితీ. తర్వాత కూడా ప్రతి రోజూ పొద్దున్న మొదటగా వచ్చిన బండిని బోణీ బండి అంటారు. ఆ రైతును కుర్చీ వేసి కూర్చోబెడతారు. బోణీ బాగుంటే రోజు బాగుంటుందని నమ్మకం.

కొద్ది రోజులకు చిన్న సావుకారు ఫోన్ చేశాడు. గొంతులో పుణె షోకు ఏమీ లేదు.

"అక్కా, ఇజ్జత్ పోయేటట్టున్నది. బయట ఎర్ర అంకె ఒకటి, చీటీల ఒకటి అస్తున్నది. అది గూడ బోణీ బండికే. మా కాటా కాడ కూసునే కాకా దొంగ తూకం ఏస్తున్నడని రైతులు మొత్తుకుంటున్నరు. నువ్వు జర రావాలె."

"సాఫ్ట్‌వేర్ ఆయన ఏమన్నడు?"

"వైరు ఒకపారి తీసి పెట్టుమన్నడు. పెడ్తే మంచిగైతది. మళ్ళ రెండు మూడు దినాలకు గదే కత."

మర్నాడు భోకర్ మీదుగా పోయే సర్కారు ఎస్టీ బస్సెక్కాను. నేను దిగేసరికి మిల్లు ముందు పత్తి ట్రాలీలు బారులు తీరి ఉన్నాయి. కాటా దగ్గర ఒక రైతమ్మ తన ట్రాలీ పక్కన నిలబడి చేతులు తిప్పుతూ అరుస్తోంది. సరిహద్దు అవతల తెలంగాణ ఊరామె. ఏటా ఇక్కడికే పత్తి తెస్తుందట. ఆ రోజు బోణీ బండి ఆమెదే. చీటీలో బరువు బయటి అంకె కంటే బాగా తక్కువ పడింది. మళ్ళీ తూచి సరైన చీటీ ఇచ్చినా ఆమె కోపం చల్లారలేదు.

"నేను సూస్తిని గాబట్టి దిద్దిన్రు. సూడనోళ్ళ సంగతేంది? నిప్పు లేంది పొగ అస్తదా?" అని గదిలోకి తొంగి చూసి, "అన్నా అన్నా అని పిల్సిన నిన్ను. తెల్ల టోపీ పెట్టుకున్నోళ్ళంత సాదువులు గారని ఇయ్యాల ఎరికైంది" అంది. పత్తి దింపకుండానే ట్రాలీ తిప్పించుకుని వేరే మిల్లుకు పోయింది.

గదిలో తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నాయన పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ఆయన కాటా కాకానే. చిన్న సావుకారు తండ్రి, పెద్ద సావుకారు, నడివయసులో ఉన్నప్పటినుంచీ ఆ కుర్చీ ఆయనదే. ఆయనకు ఒక నియమం ఉంది. కాటా మీద బండి ఉన్నంతసేపూ ఎవరిచ్చిన చాయా ముట్టడు. బండి దిగాక ఆ బండి రైతు ఇస్తేనే తాగుతాడు. తూకం మీద నమ్మకం ఉన్న రైతు కాకాకు చాయ పంపించి మరీ పోతాడు. అట్లా రోజుకు ఎన్ని చాయలు తాగేవాడో ఆ కడుపుకే తెలియాలి. నేను వెళ్ళిన రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క కప్పూ రాలేదు.

నేను కంప్యూటర్ విప్పాను, దుమ్ము దులిపాను, కన్వర్టర్ కదిపి చూశాను. బండి తర్వాత బండి తూగింది. బయటి అంకే చీటీ మీదికొచ్చింది. ఎక్కడా తేడా లేదు. నేను ఊరికే వచ్చినట్టయింది. హమాలీలు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. డాక్టర్ ముందు రోగం దాక్కుంటుందని మీకు తెలిసిన సంగతే.

ఇంకో ముచ్చట చిన్న సావుకారు చెప్పాడు. తప్పు చీటీలన్నీ తక్కువ తూకానివే కావట. సాయంత్రం పత్తి లెక్క చూస్తే కొన్ని ఎక్కువా వచ్చాయట. ఎక్కువ వచ్చిన రైతు ఒక్కడూ నోరు విప్పలేదు, చీటీ మడిచి జేబులో పెట్టుకుని రాంరాం అని వెళ్ళిపోయాడు. అది వినగానే నాకు ధైర్యమొచ్చింది. దొంగ తూకమేసేవాడు రైతుకు ఎక్కువ రాసి పంపడు.

జనం పలచబడ్డాక కాకా నన్ను దగ్గరికి పిలిచాడు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బిడ్డా, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. నన్ను దొంగ అన్నరు, అననీ. నేను దొంగను గానని నాకెరికె. కని నా కండ్లు పోయినయా? ఏదో మీట నొక్కబోయి ఇంకోటి నొక్కుతున్ననా? గట్లనే అయితే రేపే లేచి ఇంట్ల కూసుంట. ఎరుకలేక ఒకరి కష్టం కోసుడు నాతోని గాదు."

ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. తనమీద తనకు నమ్మకం పోతోందని భయపడే మనిషిని అప్పుడే చూశాను. కనుక్కోకుండా పోనని ఆయనకు మాటిచ్చాను. మాటైతే ఇచ్చాను గానీ ఏం కనుక్కోవాలో నాకూ తెలియదు.

సాయంత్రమైంది. నా బస్సు ఇంకా రాలేదు. మిల్లు భోంగా, అదే సైరన్, మోగింది. కాకా లేచి కంప్యూటర్ బందు చేశాడు. తర్వాత ఒక్కొక్క వైరే పీకడం మొదలుపెట్టాడు. తెర వైరు, ప్రింటర్ వైరు, కీబోర్డు, మౌస్, కన్వర్టర్, కరెంటు వైరు. పీకినవన్నీ బల్ల మీద వరసగా పరిచాడు. పెద్ద సావుకారు గుమ్మం దగ్గరికొచ్చి ఆ వైర్లను కళ్ళతో చూసి, తలూపి, తర్వాతి షెడ్డుకు వెళ్ళాడు.

పత్తి మిల్లువాళ్ళకు నిప్పంటే ఎంత భయమో బయటివాళ్ళకు అర్థం కాదు. పెద్ద సావుకారు చిన్నతనంలో ఒక వైరు నిప్పు రవ్వ రాల్చి, కళ్ళముందే గోదాము కాలిపోయిందట. అప్పటినుంచీ పొద్దుమీకగానే మిల్లులో ప్రతి వైరూ చేత్తో పీకాలి, పీకింది కంటికి కనబడేటట్టు పెట్టాలి. స్విచ్చు ఆపామంటే ఒప్పుకోరు. వైర్ల మధ్య తేడా లేదు, కరెంటుదైనా కన్వర్టర్‌దైనా.

నేను కుర్చీలోంచి లేచాను.

"కాకా, ఈ వైర్లు పొద్దుగాల మళ్ళ ఏడ పెడ్తరు?"

"ఏడ సందుంటే ఆడ. పాతదాంట్ల ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరు సందుండె. గిండ్ల అన్ని ఒక్క తీరే ఉన్నయి గద బిడ్డా."

"పాతదాంట్ల కాటా వైరు గూడ పీకుతుంటిరా?"

"అది రాకపోతుండె. రెండు దిక్కుల బిగిచ్చి ఉండె. అదొక్కటి ఇడిసిపెడుదుమని మా సావుకారే ఒప్పుకుండు."

పెద్ద సావుకారును పిలిచి, అరగడియ వైర్లు పెట్టనివ్వమని బతిమాలాను. ఆయన పక్కన నీళ్ళ బకెట్ పెట్టించి గానీ ఒప్పుకోలేదు. కన్వర్టర్‌ను పొద్దున ఉన్న రంధ్రంలో కాకుండా దాని పక్కదాంట్లో గుచ్చి, కంప్యూటర్ ఆన్ చేశాను. బయట కాటా ఖాళీ, గోడ మీద ఎర్ర సున్నా వెలుగుతోంది. లోపల తెర మీద ఒక బండి బరువు నిలబడి ఉంది. ఆ రోజు ఆఖరుగా తూగిన బండిది. చిన్న సావుకారు బయటికెళ్ళి సున్నా చూసి, లోపలికొచ్చి బండి బరువు చూసి, మళ్ళీ బయటికెళ్ళాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టాను గానీ, ఆ ఎలుక మిల్లు పరువంతా కొరికేసింది. సంగతి ఇదీ: కంప్యూటర్ ప్రతి యూఎస్‌బీ రంధ్రానికీ వేరే నంబరు ఇస్తుంది. కాటా సాఫ్ట్‌వేర్ ఒక్క నంబరు దగ్గరే చెవి పెట్టి కూర్చుంటుంది. కన్వర్టర్ వేరే రంధ్రంలో ఉంటే దానికేమీ వినబడదు. వినబడలేదని ఒప్పుకోకుండా, నిన్నటి ఆఖరి బండి బరువునే చూపిస్తుంది. పొద్దున్నే హడావిడిలో మీట నొక్కితే బోణీ రైతుకు నిన్నటి ఎవరిదో బరువు అంటుకుంటుంది. గొడవయ్యాక వైరు తీసి పెడతారు, అదృష్టం బాగుండి సరైన రంధ్రం దొరికితే రోజంతా నడుస్తుంది. బోర్డుకు ఇన్ని రంధ్రాలు లేకపోతే ఈ కథే లేదు.

కాకా అంతా విని చేతులు చూసుకున్నాడు.

"అంటే నా చెయ్యే జేసింది."

"మీ చెయ్యి మిల్లును కాపాడుతున్నది కాకా. మీ కండ్లు సాఫున్నయి. ఏ మీట నొక్కాల్నో గదే నొక్కిన్రు. సరిపడంది మేం కట్టిన డబ్బా."

ఆయన అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ముఖం మాత్రం తేటపడలేదు. ఆ రైతమ్మ మాట లోపల ఇంకా గుచ్చుకుంటూనే ఉందని నాకు తెలుస్తోంది.

తర్వాత అసలు పంచాయతీ మొదలైంది. చిన్న సావుకారుకు ఉపాయం సులువుగా తోచింది.

"కాకా, రేపటి సంది ఆ ఒక్క వైరు పీకకుండ్రి. అయిపాయె."

"అద్దు" అన్నాడు పెద్ద సావుకారు. "బిగియ్యకుంట ఏలాడే వైరు పీకాల్సిందే. ఇయ్యాల ఒకటి ఇడుస్తం, రేపు ఇంకోటి ఇడుస్తం, ఎల్లుండి అసలుదే మరుస్తం. కాలినంక ఏడ్సుడేగా?"

"అయితే ఒక్క సందుకు ఎర్ర టేపు అంటిద్దాం బాపు. గండ్లనే పెట్టుమందాం."

"ఈ దుమ్ముల టేపు ఎన్ని దినాలు ఆగుతది?" అన్నాను నేను. "రేపు కాకాకు జరమచ్చి ఇంకొకరు కూసుంటే? టేపు సంగతి గాయనకు ఎవరు జెప్తరు? బోర్డు మార్సుదాం."

"మొన్ననే గద కొత్తది తెచ్చింది?" అన్నాడు పెద్ద సావుకారు.

"తెచ్చింది గొప్పదే సావుకారు. మీ రివాజుకు సరిపోయేది గాదు. రివాజు మార్సుకుంటరా, బోర్డు మార్సుకుంటరా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బోర్డే" అన్నాడు.

చిన్న సావుకారు తను తెచ్చిన బోర్డు వైపు చూశాడు. తర్వాత నవ్వి, "నువ్వు ఆ దినమే అన్నవ్ అక్కా" అన్నాడు. "దుమ్ముల ఆగదన్న. పీకుతరని నాకేం ఎరుక?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆ అబ్బాయి తెచ్చిన బోర్డులో లోపం లేదు, నేను కట్టిన పనిలో లోపం లేదు. సాయంత్రం ఆ గదిలో ఏం జరుగుతుందో మేమిద్దరమూ అడగలేదు, అంతే.

నాందేడ్ తిరిగొచ్చి బోర్డు వేటలో పడ్డాను. నా షరతులు తక్కువే. ఇప్పుడున్న ప్రాసెసర్, మెమరీ అందులో కూర్చోవాలి. కామ్ పోర్టు వెనక అంచునే ఉండాలి, స్క్రూలు బిగించేటట్టు ఉండాలి. యూఎస్‌బీ రంధ్రాలు ఎంత తక్కువైతే అంత మేలు. ఆఖరి షరతు విని మా సేల్స్‌మన్ నన్ను వింతగా చూశాడు. రంధ్రాలు తక్కువ ఉన్న బోర్డు కావాలని అడిగిన మనిషిని అతను అప్పటిదాకా చూడలేదట.

సేటు గోదాములోంచి ఒకటి తీసిచ్చాడు. దానికి కామ్ పోర్టు బయట లేదు, లోపల బోర్డు మీద సూదులున్నాయి. వాటికి చిన్న వైరు తగిలించి బయటికి తెచ్చుకోవచ్చు. చాలాచోట్ల అది చాలు. నేను ఒప్పుకోలేదు. ఆ వైర్లు రెండు రకాలుగా వస్తాయి, ఏది ఏదో సంచి మీద రాయరు. తప్పు వైరు తగిలిస్తే కాటా ఒక భాష మాట్లాడుతుంది, కంప్యూటర్ ఇంకో భాష వింటుంది. సరైనదే దొరికినా, ట్రాలీలు ఎక్కి దిగే అదురుకు లోపలి పట్టు వదులవుతుంది. మళ్ళీ ఏదో ఒక పొద్దున కాకా దొంగవుతాడు. "తాయీ, ఇత్కా హట్ట కశాలా?" అని సేటు విసుక్కున్నాడు. అంత పట్టుదల ఎందుకో నేను చెప్పలేదు. కాకాకు ఇచ్చిన మాట దుకాణంలో చెప్పుకునేది కాదు.

ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి నిజామాబాద్‌లో ఒక దుకాణంలో దొరికింది. ఆఫీసులకు పంపగా మిగిలిన బోర్డు. లైట్లు లేవు, సోకు లేదు, వెనక అంచున కామ్ పోర్టు మాత్రం దర్జాగా కూర్చుని ఉంది. బస్సులో పార్సిల్ వచ్చింది. సేల్స్‌మన్ డబ్బా అరచేతిలో పెట్టుకుని ఊపి, పెదవి విరిచాడు.

"ఇస్‌మే తో కుఛ్ వజన్‌చ్ నహీ తాయీ."

"వజన్ కాటా సూస్కుంటది భయ్యా. బోర్డుకెందుకు?" అన్నాను. విసుక్కున్న సేటు కూడా నవ్వాడు.

హిమాయత్‌నగర్ వెళ్ళి, మధ్యాహ్నం మిల్లు తిండికి ఆగినప్పుడు బోర్డు మార్చాను. అద్దాల క్యాబినెట్ కూడా తీసేసి మామూలు రేకు డబ్బాలో పెట్టాను. లైట్ల బోర్డును చిన్న సావుకారు ఇంటికి పట్టుకుపోయాడు. ఇంట్లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దాని చోటు అదే. బండ్లు తూగాయి, చీటీలు సరిగ్గా వచ్చాయి. హమాలీల మేస్త్రీ "అయిపాయె గద, ఇగ పోతరా?" అన్నాడు. పోను, పొద్దుమీకనీ అన్నాను. పోయినసారి కూడా పగలంతా బాగానే ఉంది మరి.

భోంగా మోగింది. కాకా లేచి వైర్లు పీకాడు. తెరది, కీబోర్డుది, ప్రింటర్‌ది, మౌస్‌ది, కరెంటుది. కాటా వైరు దగ్గర చెయ్యి ఆగింది. పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. రాలేదు. నావైపు తిరిగాడు.

"ఇదొక్కటి నా మాట ఇంటలేదు బిడ్డా."

"అందుకనే తెచ్చిన కాకా."

పెద్ద సావుకారు గుమ్మంలోంచి ఆ బిగించిన వైరు చూశాడు, కరెంటు వైరు బల్ల మీద ఉందో లేదో చూశాడు, తలూపాడు. పాత ఒప్పందమే మళ్ళీ నడిచింది. ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. సావుకారమ్మ పెట్టిన జొన్నరొట్టెలు తిన్నాను గానీ, నా మనసంతా పొద్దుటి బోణీ మీదే ఉంది.

పొద్దున్న వెళ్ళేసరికి గేటు ముందు మొదటి ట్రాలీ పక్కన ఆ రైతమ్మ నిలబడి ఉంది. రమ్మని కబురు పెట్టింది కాకానే అని అప్పుడు తెలిసింది. చిన్న సావుకారుకు కూడా చెప్పలేదు. ఒకవేళ నా బోర్డు తేలిపోతే అందరి ముందూ రెండోసారి దొంగ కావడానికి ఆయన సిద్ధపడ్డాడు. నాకు కోపమొచ్చింది, ముందే నాతో ఒక మాట అంటే ఏంపోయిందని. దాంతోపాటు ఆయనకు నామీద ఉన్న నమ్మకానికి ఛాతీ ఉప్పొంగింది కూడా. నా పని మీద నాకు నమ్మకం ఉండటం వేరు, ఇంకొకరు దాని మీద తమ పరువు పెట్టడం వేరు.

రైతమ్మ కాకా ముఖం చూడలేదు. "పిలిస్తివట. ఎందుకు?" అంది ట్రాలీ వైపు చూస్తూ.

"లోపటికి రా చెల్లె" అన్నాడు కాకా. బల్ల మీద పరిచిన వైర్లు చూపించాడు. "ఇవ్వి నేను ముట్ట. నీ చేతులతోని నువ్వే పెట్టు. ఏడ బుద్ధయితే ఆడ పెట్టు."

ఆమె నావైపు చూసింది. పెట్టమన్నట్టు తలూపాను. ఆమె ఒక్కొక్క వైరే తీసుకుని, ఏది ఎందులో దూరుతుందో తిప్పి తిప్పి చూసి గుచ్చింది. కాటా వైరు దాని చోట అదే ఉంది. గుమ్మం నిండా రైతులు. కంప్యూటర్ లేచింది. తెర మీద సున్నా. బయట సున్నా. ట్రాలీ కాటా ఎక్కింది. ఎర్ర అంకెలు గిర్రున తిరిగి ఆగాయి. కాకా మీట నొక్కాడు, ప్రింటర్ గరగరమంది. ఆయన చీటీ ముట్టుకోలేదు. ఆమే చింపుకుని బయటికెళ్ళి, గోడ మీది అంకె పక్కన పట్టుకుని ఒక్కొక్క అంకే పైకి చదివింది.

"ఇంకొకపారి" అంది.

ట్రాలీ దించి, మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ అదే అంకె, మళ్ళీ అదే చీటీ. ఆమె రెండు చీటీలనూ కలిపి పట్టుకుని కాసేపు నిలబడింది. వాటిని కొంగున ముడేసుకుని గేటు బయటికి నడిచింది. వెళ్ళిపోతోందనుకున్నాను. కాకా కూడా అట్లానే అనుకున్నాడు, తలదించుకుని బల్ల మీది పత్తిపోగులు ఏరుతున్నాడు.

ఆమె తిరిగొచ్చింది. చేతిలో చాయ కప్పు. అప్పటికి డ్రైవర్ ట్రాలీని కాటా మీదినుంచి పత్తి దింపే షెడ్డుకు తీసుకెళ్ళాడు. ఆమె కప్పును కాకా ముందు పెట్టింది.

"బండి దిగింది అన్నా. ఇగ తాగు."

కాకా ఆ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఊదలేదు, ఆగలేదు. వేడివేడిగానే ఒక గుక్క తాగాడు, కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. ఆ ఆవిరి వెనక ఏముందో మేమెవరమూ చూడలేదు, చూడనట్టు నిలబడ్డాం. తర్వాత కప్పు దించి, ఎన్నాళ్ళకో మొదటిసారి పళ్ళు కనబడేటట్టు నవ్వాడు.

"చెల్లె, నీ చాయల చక్కెర తూకం తప్పింది."

గుమ్మంలో ఉన్నవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. ఆ ఒక్క తప్పుకు మాత్రం నా బోర్డుకు సంబంధం లేదని చెప్పి, నేను నాందేడ్ బస్సెక్కాను.